పశుక్షయ: పాలు కాచడంతో బాధ్యత తీరదు

వివిధ అధ్యయనాలను క్రోడీకరించి 2018లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం మన దేశంలో సుమారు 7.3 శాతం పశువులకు, అనగా రెండు కోట్లకు పైగా పశువులకు, క్షయ సోకి ఉండవచ్చునని అంచనా. అయినప్పటికీ ఈ వ్యాధిపై రైతులకు మనమిచ్చే సలహా తరచుగా "పాలు కాచి త్రాగండి" అన్న మాటతోనే ముగుస్తున్నది.

ఆ సలహా సరైనదే; మరగకాచిన పాలలో క్షయక్రిమి బ్రతకదు. కాని వ్యాధిగ్రస్త పశువు శ్వాస ద్వారా కూడా క్రిములను వెదజల్లుతుంది. గాలి ఆడని పాకలో పాలు పితికేవారికి, పేడ ఎత్తేవారికి ఆ సలహా రక్షణ కల్పించదు. పైగా పశుక్షయ కారకమైన మైకోబాక్టీరియం బోవిస్ చికిత్సలో వాడే పైరజినమైడ్ ఔషధానికి సహజంగానే లొంగదు; సూక్ష్మదర్శినితో చేసే కళ్లె పరీక్ష దానిని మానవ క్షయక్రిమి నుండి వేరుచేసి చూపలేదు.

కనుక పశువును కొనే ముందు ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేయించడం, వ్యాధి తేలిన పశువును వేరుగా ఉంచడం, దాని పచ్చిపాలు దూడలకు పట్టకపోవడం మన సలహాలలో చేరాలి. ఆ రైతు కుటుంబాన్ని క్షయ పరీక్షకు పంపే బాధ్యతను పశువైద్యులు, ఆరోగ్య సిబ్బంది కలిసి స్వీకరించాలి. నష్టపరిహారం లేనిదే పేద రైతు వ్యాధిగ్రస్త పశువును మౌనంగా సంతకు తోలుతాడు. వ్యాధి మరొక పాకకు చేరుతుంది. పరిహారం లేని పరీక్ష వ్యాధిని అరికట్టదు, స్థలం మారుస్తుంది.