అదను, పదును

అనంతపురము పీఠభూమిలోని రైతు తొలి చినుకు పడగానే విత్తనము చల్లడు. మట్టిని చేతితో త్రవ్వి చూచును. పైన తడిసి లోపల పొడిగా నున్నచో మరియొక వానకై వేచియుండును. తడి లోతునకు దిగినప్పుడే పదునైనదని తలచి గొర్రు కట్టును. ఈ ప్రాంతమున ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పశ్చిమ కనుమలు నైరుతి ఋతుపవనమునకు అడ్డు నిలుచుచున్నవి. తూర్పు తీరము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనము ఇచ్చటికి చేరునప్పటికి బలము తగ్గియుండును. ఇట్టి నేలలో విత్తనము ఒక్కసారి మాడిపోయినచో, మరల కొనుటకు అప్పు చేయవలసినదే. అట్లని వేచి వేచి అదను దాటనిచ్చినచో పంట పండదు. అదను అనగా తగిన కాలము. పదును అనగా తగిన తడి. రెండును కలిసినప్పుడే విత్తవలెను.

ఉద్యోగమును విడిచి, చేతిపనితో కూడిన చిన్న వ్యాపారమును పెట్టదలచువారు నేర్వదగిన పాఠము ఈ రైతు వద్దనే కలదు.

కరవు సీమలో జీతమునకు గల విలువ ఇతరులకు సులభముగా తెలియదు. ఆకాశమువైపు చూడకయే నెలనెల చేతికి వచ్చు పైకమది. అందుచేతనే పిల్లలు బెంగుళూరులో కొలువు సంపాదించిననాడు తల్లిదండ్రులు దేవునికి టెంకాయ కొట్టుదురు. అట్టి కొలువులో కొన్నియేండ్లు పనిచేసిన యువకుడు, "బొమ్మలు చేసి బ్రదికెదను, బట్టలపై రంగులద్ది అమ్మెదను" అన్నచో ఇల్లు అదరిపోవును. పెద్దలు దానిని వెఱ్ఱి యందురు. మిత్రులు సాహసమందురు. ఇరువురును తొందరపడినవారే. అతడు నేలను త్రవ్వి చూచెనా, లేదా అని ఎవ్వరును అడుగరు.

ధర్మవరము చెంత నిమ్మలకుంట యను పల్లె కలదు. 2022వ సంవత్సరము వరకు అది అనంతపురము జిల్లాలోనిది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. అచ్చటి కళాకారులు తరతరములుగా తోలుబొమ్మలాట నాడువారు. మేకతోలును వెండ్రుకలు తీసి, శుభ్రపరచి, వెలుతురు చొచ్చునంత పలుచగా చేసి, దానిపై బొమ్మను గీసి, సన్నని ఉలులతో రంధ్రములు కొట్టి, రంగులు పూయుదురు. తెల్లని తెరవెనుక దీపము వెలుగగా రామాయణ భారత కథలు రాత్రియంతయు నడచెడివి. పిమ్మట సినిమా వచ్చెను, టెలివిజను వచ్చెను. ఊరూరా ఆటకు పిలుపులు తగ్గెను.

అప్పుడు వారు ఉలిని పారవేయలేదు. ఆ తోలుతోనే, ఆ రంగులతోనే దీపపు గూళ్లను, గోడ చిత్రములను, ద్వారములకు వ్రేలాడదీయు అలంకారములను చేయసాగిరి. తెరవెనుక దీపముండిన చోటు మారి, బొమ్మయే దీపమును చుట్టుకొనినది. ఈ పల్లెకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో భారత ప్రభుత్వము పద్మశ్రీ పురస్కారము నిచ్చినది. నిమ్మలకుంట వారు క్రొత్త వ్యాపారమును పెట్టిరేగాని క్రొత్త విద్యను రాత్రికి రాత్రి కల్పించుకొనలేదు. చేతిలో తరతరముల పదునుండెను. కొనువారి యవసరము మారుట చూచి అదను గుర్తించిరి.

వారు జీతమును విడిచినవారు కారు. ఆదరణయే వారిని విడిచినది. జీతమును తామై విడిచినవారి సంగతి యెట్టిది? అందులకు తెలుగువారిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మంచి నిదర్శనము. 1867లో కృష్ణాజిల్లాలో జన్మించిన ఆయన మదరాసులో చదువుకొని, కలకత్తాలోను, బొంబాయిలోను ఉద్యోగము చేసెను. ఆ కాలమున వర్తకపు మెళకువలను నేర్చెను. 1893లో బొంబాయిలో అమృతాంజనమను తలనొప్పి మందును తయారుచేసి అమ్మసాగెను. సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచి గుణమును తెలియజేసెనని ప్రసిద్ధి. అటుపిమ్మట పదునైదేండ్లకు, 1908లో, ఆంధ్రపత్రికను వారపత్రికగా నెలకొల్పెను. 1914లో మదరాసునుండి దానిని దినపత్రికగా వెలువరించెను. 1924లో భారతి యను సాహిత్య పత్రికను స్థాపించెను. మొదట మందు, పిమ్మట పత్రిక. ఒకటి నిలిచిన తరువాతనే రెండవది. ఆయన కొలువును విడిచిన దినమును ఎవ్వరును పండుగగా తలపరు. విడిచిన పిమ్మట నిలిపినదానినే లోకము తలచుచున్నది.

కావున ఉద్యోగము మానుట దానంతట అది గొప్పయు కాదు, తప్పును కాదు. మానుటకు ముందు చూడవలసినవి కొన్ని కలవు. మొదటిది పనితనము. సెలవు దినములలో చేసిన వస్తువును బంధువులు మెచ్చుకొనుట చాలదు. పరిచయము లేనివాడు వెల యిచ్చి కొని, మరల వచ్చి కొనవలెను. రెండవది లెక్క. ఒక దీపపు గూడు 2000 రూపాయలకు అమ్ముడుపోయిన దనుకొందము. తోలునకు, రంగులకు, చట్రమునకు 800 రూపాయలైనచో మిగిలిన 1200 రూపాయలును లాభమని తలచుట పొరపాటు. దానిని చేయుటకు మూడు దినములు పట్టినచో దినమునకు 400 రూపాయల కూలి మాత్రమే గిట్టినది. అద్దె, రవాణా తీసివేసినచో ఆ కూలియు నిండుగా మిగులదు. మూడవది ఇంటి గ్రాసము. రైతు విత్తనపు కాయలను వేరుగా కట్టిపెట్టి, తిండి గింజలను వేరుగా దాచుకొనును. అట్లే ఇంటి ఖర్చునకు ఒక యేడాది పైకమును వేరుగా నుంచనివాడు తన ధైర్యమునకు వెలను ముసలి తల్లిచేతను, బడికిపోవు బిడ్డచేతను కట్టించుచున్నాడు.

"ఇన్నియు చూచుచు కూర్చున్నచో ఎవ్వడును పని మొదలిడడు గదా" యని కొందరనవచ్చును. ఆ మాటలో నిజము లేకపోలేదు. అన్ని విధముల భద్రత కలిగిన పిమ్మటనే కదలెదననువాడు గట్టుమీదనే ముసలివాడగును. చేతిపనులు నేర్చినవారు లేక నశించినచో, కోల్పోవునది వారొక్కరే కాదు, దేశమంతయు. అందుచే పదును కుదిరినదని తెలిసిన పిమ్మట వెనుదీయరాదు. ఇంటివారును అప్పుడు వెక్కిరింపక చేయూతనీయవలెను. ఒకవేళ వ్యాపారము నిలువక మరల కొలువులో చేరవలసివచ్చినను సిగ్గుపడ నక్కరలేదు. వాన తప్పి పైరు ఎండిన రైతును ఊరివారు వెక్కిరింపరు. మరుసటి యేడు అతడు గొర్రు కట్టగా చూచి సంతోషింతురు.

విద్యార్థులు ఉద్యోగము మేలా, స్వంత వ్యాపారము మేలా యని వాదించుటకంటె, ఇప్పటినుండియే చేతికి ఒక పనిని, మనస్సునకు లెక్కను అలవరచుకొనుట మేలు. ఏ దారిని పోయినను ఆ రెండును వృథాగావు. అదను ఎవ్వరికి ఏనాడు వచ్చునో చెప్పజాలము. అది వచ్చినప్పటికి పదును సిద్ధముగా నుంచుకొనుట మాత్రము మన చేతిలోని పని.