పక్షులకు ఒక హాజరుపట్టీ

కళాశాలలో ప్రతిదినం మొదటి గంట మోగగానే హాజరుపట్టీ తెరవడం ఆచారం. ఎవరు వచ్చారో తెలుసుకోవడం దాని ప్రయోజనంలో సగం మాత్రమే. ఎవరు రాలేదో తెలుసుకోవడం తక్కిన సగం. పట్టీలో పేరు లేని విద్యార్థి నెలల తరబడి రాకపోయినా ఆ సంగతి ఎవరి దృష్టికీ రాదు. మన కర్నూలు పరిసరాలలోని పక్షుల పరిస్థితి అచ్చంగా ఇదే. వాటి పేర్లు మన పట్టీలో లేవు. అందువల్ల అవి ఒక్కొక్కటిగా గైరుహాజరవుతున్నా మనకు తెలియడం లేదు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి మన కళాశాల ఒక పక్షుల పట్టీని తెరవాలనీ, అది తెలుగు, ఉర్దూ భాషలు రెండింటిలోనూ నడవాలనీ విద్యార్థులకూ, కళాశాల సంఘం పెద్దలకూ మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ మాట ఇప్పుడే ఎందుకు చెప్పవలసి వచ్చిందో తెలియాలంటే బట్టమేక పిట్ట కథ వినాలి. మీటరు ఎత్తున నిలిచి, పదిహేను కిలోల దాకా తూగే ఈ పక్షి ఎగరగల పక్షులలో అతి బరువైన వాటిలో ఒకటి. ఉర్దూలో దీనికి తుగ్దార్ అని పేరు. చెట్టు మీద వాలదు. గడ్డినేల మీదనే నడుస్తుంది, నేల మీదనే సాధారణంగా ఒకే ఒక గుడ్డు పెడుతుంది. మిడుతలను, పురుగులను, గింజలను తిని బ్రతుకుతుంది. నందికొట్కూరుకు దగ్గరలో, మిడుతూరు మండలంలోని రోళ్ళపాడు దీని నివాసంగా దేశమంతటా ప్రసిద్ధి పొందింది. 1988లో ప్రభుత్వం అక్కడ 614 హెక్టార్ల నేలను అభయారణ్యంగా ప్రకటించింది. 2022లో జిల్లాల విభజన జరిగిన తరువాత ఆ చోటు నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా మారినా నేల మారలేదు; కాని నేల మీది పిట్ట మాత్రం కరువయింది. బట్టమేకను చూడగోరి రోళ్ళపాడు వెళ్ళేవారు నేడు నిరాశతోనే తిరిగి రావలసి వస్తోంది. దేశం మొత్తం మీద మిగిలినవి రెండు వందలకు లోపేనని అంచనా. వాటిలో అత్యధిక భాగం రాజస్థాన్ ఎడారి ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ కూడా విద్యుత్ తీగలకు తగిలి అవి ప్రాణాలు కోల్పోతున్నాయి.

ఈ నష్టానికి వేటను ఒక్కదానినే నిందించడం న్యాయం కాదు. మూలకారణం మన భాషలోనే ఉన్నదని మా అభిప్రాయం. చెట్లు లేని గడ్డినేలను మనం బంజరు అన్నాము, బీడు అన్నాము, పనికిరాని భూమి అన్నాము. పనికిరానిదని పేరు పెట్టిన తరువాత దానిని దున్నడానికైనా, చెట్లు నాటడానికైనా, కట్టడాలు లేపడానికైనా ఎవరూ సంకోచించరు. అడవి నరికితే పది మంది అడుగుతారు. గడ్డినేల పోతే అడిగేవారు లేరు. సాగునీరు వచ్చి జొన్న, కొర్ర చేల స్థానంలో వేరే పంటలు వెలిస్తే రైతును తప్పుపట్టలేము. అతని బ్రతుకు అతనికి ముఖ్యం. కాని గడ్డినేల కూడా ఒక ఇల్లేననీ, అందులో కాపురముండే జీవులు మరొక చోట బ్రతకలేవనీ చెప్పవలసిన విద్యావంతులు ఆనాడు మౌనంగా ఉండిపోయారు. చెప్పడానికి వారి చేతిలో పట్టీ లేదు.

అయితే రోళ్ళపాడు శూన్యమైపోలేదు. అటవీశాఖ వారి అనుమతితో డిసెంబరు, జనవరి నెలలలో అక్కడికి వెళ్ళే విద్యార్థి కృష్ణజింకల మందలను తప్పక చూడగలడు. సాయంత్రం వేళ ఓపికతో నిలిచి ఉంటే మరొక దృశ్యం కూడా లభిస్తుంది. మధ్య ఆసియా గడ్డి మైదానాల నుండి శీతకాలం గడపడానికి వచ్చే పిల్లిగద్దలు పొద్దు వాలే సమయానికి గడ్డి మీదుగా తక్కువ ఎత్తున తేలివచ్చి, రాత్రి నిద్రకు గడ్డిలోనే దిగుతాయి. వేల మైళ్ళ అవతల పుట్టిన పక్షి మన మండలంలోని నేలను తన శీతకాలపు విడిదిగా ఎంచుకున్నదంటే ఆ నేల పనికిరానిదని ఎలా అనగలము? ఉదయం పూట అదే చోట కౌజు పిట్టలు, పూరేళ్ళు, భరతపిట్టలు కనిపిస్తాయి.

నీటిపక్షులను చూడదలచిన వారు అంత దూరం పోనక్కరలేదు. నందికొట్కూరు దారిలో పట్టణానికి చేరువగా ఉన్న గార్గేయపురం చెరువు చాలు. నీటికాకులు, బొల్లికోళ్ళు, నత్తగుల్ల కొంగలు అక్కడ పరిచయమవుతాయి. ఉదయం వెళ్ళేవారు సూర్యుడు తమ వీపు వైపు ఉండేటట్లు గట్టు మీద చోటు చూసుకోవాలి. ఎదురెండలో ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు సుంకేశుల, శ్రీశైలం వెనుక జలాల వంటి పెద్ద నీటి తావుల అంచులు వలస బాతులకు అనువైనవి. పట్టణం నడుమనే హంద్రీ ఒడ్డున లకుముకి పిట్టను, పొడవైన ఎర్రని కాళ్ళతో బురదలో నడిచే ఉల్లంకులను గమనించవచ్చు. అయితే ఒక హెచ్చరిక. మురుగు చేరిన చోట కూడా కొన్ని జాతులు గుంపులుగా చేరుతాయి. పక్షులు ఎక్కువగా ఉన్నంత మాత్రాన నీరు ఆరోగ్యంగా ఉన్నదని భ్రమపడరాదు. ఎన్ని జాతులు ఉన్నాయో, ఏ జాతి లేకుండా పోయిందో చూడాలి. ఈ రెండవ ప్రశ్నకు సమాధానం పట్టీ ఉన్నవారే చెప్పగలరు.

అన్నిటికంటె దగ్గరి తావు మన కళాశాల ఆవరణమే. వేపచెట్టు మీద టక్కు టక్కుమని సుత్తి దెబ్బల వలె కూసే కంసాలిపిట్ట, తీగ మీద కూర్చుని ఈగలను పట్టే పచ్చని చిన్నపిట్ట, కాకిని సైతం తరిమికొట్టే పోలీసుపిట్ట మన తరగతి కిటికీలకు ఎదురుగానే ఉన్నాయి. ఆట మైదానంలో తలపై విసనకర్ర వంటి కిరీటం, రెక్కల మీద నలుపు తెలుపు చారలు, పొడవాటి వంపు ముక్కు గల ఒక పక్షి నేలను పొడుస్తూ తిరుగుతుంది. తెలుగులో కూకుడుగువ్వ, అరబ్బీలోను ఉర్దూలోను హుద్‌హుద్. 2014 అక్టోబరులో విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన తుపాను పేరుగా ఈ మాట తెలుగువారందరికీ తెలుసు. ఆ పేరును ఒమన్ దేశం సూచించింది. కాని అది పక్షి పేరనీ, ఆ పక్షి మన మైదానంలోనే తిరుగుతున్నదనీ ఎంతమందికి తెలుసు?

దివ్య ఖురాన్‌లోని నమ్ల్ సూరాను చదివిన విద్యార్థులకు ఇక్కడ ఒక విషయం గుర్తుచేయాలి. హజ్రత్ సులైమాన్ అలైహిస్సలాం ఒకనాడు పక్షులను పరిశీలించి, వాటిలో హుద్‌హుద్ లేకపోవడాన్ని వెంటనే గ్రహిస్తారు. అది ఎందుకు కనిపించలేదని అడుగుతారు. ఆ తరువాత అది సబా దేశపు వార్తతో వచ్చి చేరుతుంది. అంతటి ప్రభువుకు ఒక చిన్న పక్షి గైరుహాజరు పట్టించుకోదగిన విషయమైనప్పుడు, బట్టమేక వంటి పక్షి మన కళ్ళముందు లేకుండాపోతే మనం ఏమీ ఎరుగనట్లుండడం తగునా? మా సోదర విద్యార్థులకు దసరానాడు పాలపిట్టను చూడడం శుభం. పండుగనాడు వెదికే ఆ కన్ను ఏడాదిలో తక్కిన దినాలలో కూడా తెరిచి ఉంటే పాలపిట్టకూ శుభం, మనకూ శుభం.

రెండు భాషలలో పట్టీ ఎందుకని అడగవచ్చు. తెలుగు కావ్యాలలో విరహానికి ఉపమానమైన చక్రవాకాన్ని తెలుగు విద్యార్థి పాఠంలో చదువుతాడు, పరీక్షలో వ్రాస్తాడు, చూసి ఎరుగడు. ఉర్దూ విద్యార్థి గొప్పలు పోయేవాడిని ఉద్దేశించి సుర్ఖాబ్ ఈక తగిలిందా అని ఎగతాళి చేస్తాడు. అతడూ సుర్ఖాబ్‌ను చూసి ఎరుగడు. ఇద్దరు చెప్పేదీ ఒకే పక్షిని. నారింజ కాషాయాలు కలిసిన వంటి రంగుతో శీతకాలంలో పెద్ద జలాశయాల ఒడ్డున జంటలుగా కనిపించే బాతు అది. ఒకే గట్టు మీద ఇద్దరు విద్యార్థులు ప్రక్కప్రక్కన నిలిచి, ఒకడు చక్రవాకమనీ, మరొకడు సుర్ఖాబ్ అనీ ఒకే పుస్తకంలో వ్రాసుకుంటే, అది పక్షుల పట్టీ మాత్రమే కాదు. మన కళాశాల ఏ ఆశయంతో రెండు భాషలను ఒకే కప్పు క్రింద ఉంచిందో ఆ ఆశయానికి నిదర్శనం కూడా అవుతుంది.

ఈ పనికి మనకు ఆదర్శప్రాయులు ఉన్నారు. 1896లో బొంబాయిలో జన్మించి, బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ ఇంట పెరిగిన సలీం అలీ, కంఠం మీద పసుపు మచ్చ గల ఒక పిచ్చుక పేరు తెలుసుకోగోరి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం మెట్లెక్కారు. ఆ ఒక్క ప్రశ్న వారి జీవితాన్ని నిర్ణయించింది. 1930 దశకం ప్రారంభంలో వారు నిజాం రాజ్యంలో పక్షుల సర్వే జరిపారు. అంటే తుంగభద్రకు ఆవలిగట్టున ఏ పక్షులుండేవో తొంభై ఏళ్ళ క్రిందటి లెక్క నేటికీ లభిస్తుంది. 1987లో కన్నుమూసేవరకు వారి చేతిలో పుస్తకం, దుర్భిణి వదలలేదు. బట్టమేకను జాతీయ పక్షిగా చేయాలని సూచించినవారు కూడా వారే.

పండితుల లెక్కతో పాటు పల్లెవారి తెలివి కూడా కావాలి. కడప జిల్లాలోని కలివికోడి 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందనే తలచబడింది. 1986లో అది మళ్ళీ దొరకడానికి స్థానికులు ఇచ్చిన ఆచూకీ తోడ్పడింది. మన పేటలలోని వృద్ధులలో తీతర్, బటేర్ అలవాట్లు క్షుణ్ణంగా ఎరిగినవారు ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అటువంటి పక్షులను పట్టడాన్ని నేరం చేసింది, అది సమంజసమే. కాని వారి జ్ఞానం నేరం కాదు. చాచా అనో, తాతా అనో పలకరించి, వారి వద్ద కూర్చుని, ఏ పిట్ట ఏ ఋతువులో ఎక్కడ ఉండేదో అడిగి వ్రాసుకోవడం విద్యార్థుల ధర్మం. వారితోనే ఆ పేర్లు కూడా పోతే మరి దొరకవు.

ఇక ఆక్షేపణలు. పరీక్షలలో దీనికి మార్కులు రావని కొందరు అంటారు. నిజమే. కాని చూసినదానిని చూసినట్లు, లెక్కించినదానిని లెక్కించినట్లు వ్రాయడం అలవడిన విద్యార్థి ఏ శాస్త్రంలోనైనా రాణిస్తాడు. చేతి ఫోనులో ఈ-బర్డ్ వంటి సాధనాలు ఉండగా పుస్తకం దేనికని మరికొందరు అంటారు. ఆ సాధనాన్ని మేము కాదనము. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు దినాలు జరిగే పక్షుల గణనలో మన ఆవరణం లెక్క కూడా అందులో చేరాలనే మా కోరిక. అయితే వృద్ధుల మాట, పిట్టకు మన రెండు భాషల పేర్లు, ఆనాటి చెరువు నీటిమట్టం వ్రాసుకోవడానికి మనదైన పుస్తకం ఉండవలసిందే.

చోట్లు తెలియజేస్తే పక్షులకు హాని కదా అనే మూడవ ఆక్షేపణ గంభీరమైనది. దానిని మేము సగం అంగీకరిస్తాము. చెరువు పేరు, మైదానం పేరు చెప్పవచ్చు. గూడు ఉన్న చోటు, గుడ్లగూబ నిద్రించే చెట్టు ఎవరికీ చెప్పరాదు. గూటి దగ్గరకు పోరాదు. ఫోనులో కూత వినిపించి పిట్టను రప్పించరాదు. తెల్లని, మెరిసే దుస్తులు మాని మట్టిరంగు దుస్తులు ధరించి, పొద్దుపొడుపు వేళ, నలుగురికి మించకుండా, మౌనంగా నడవాలి. తేదీ, వేళ, చోటు, సంఖ్య, పిట్ట ఏమి చేస్తున్నది అనే అయిదు సంగతులు అక్కడికక్కడే వ్రాయాలి. గుర్తుపట్టలేని పిట్టకు ఊహించి పేరు పెట్టరాదు. రంగు, ముక్కు, కాళ్ళు వర్ణించి వదిలివేయాలి.

కళాశాల సంఘం వారికి మా విన్నపం స్వల్పమైనది. ఒక గట్టి అట్ట పుస్తకం, రెండు దుర్భిణులు, గ్రంథాలయంలో ఒక పక్షుల గ్రంథం, ఏడాదికి రెండుసార్లు రోళ్ళపాడుకు బస్సు ఖర్చు. వార్షికోత్సవపు పూలదండల వ్యయానికి ఇది మించదు. విద్యార్థులకు మా విన్నపం మరీ స్వల్పమైనది. రేపు ఉదయం మొదటి గంటకు అరగంట ముందు మైదానానికి రండి. హుద్‌హుద్ వచ్చినదో లేదో చూసి, పుస్తకంలో మొదటి పంక్తి మీరే వ్రాయండి.