ప్రసారాలను పదిలపరచుకోవడానికి ఎటువంటి కంప్యూటరు కావాలి?

టెలివిజన్ కార్యక్రమం మన తీరికను చూసుకొని రాదు. పాఠం ఉదయం పదింటికి ప్రసారమైతే ఆ వేళకు విద్యార్థి మన తరగతిలోనే ఉంటాడు. సాయంత్రం ఏడింటికి వస్తే విద్యార్థిని వంటింట్లో తల్లికి చేదోడుగా ఉంటుంది. ముందుగదిలో అన్నదమ్ములు క్రికెట్టు చూస్తూ ఉంటారు. స్పిన్నింగు మిల్లులో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రించే ఇంట్లో టీవీ పెట్టడమే కుదరదు. అందుచేత కార్యక్రమం వచ్చినప్పుడు పట్టి ఉంచి, వీలైనప్పుడు చూపే ఏర్పాటు ఒకటి మన ఇళ్లలోనూ, కళాశాల గ్రంథాలయంలోనూ ఉండాలని మేము కోరుతున్నాము. ఈ పనికి ఏ చిన్న కంప్యూటరు కొనాలని విద్యార్థులు కొందరు మమ్ములను అడుగుతున్నారు. తెలుగు చెప్పుకొనేవారికి యంత్రాల గొడవ ఎందుకని నవ్వేవారు నవ్వవచ్చు. మాటను నిలిపే పని ఏదైనా భాషాధ్యాపకుని పనే అని మా అభిప్రాయం.

తెలుగువారికి టెలివిజన్ మొదట పాఠంగానే వచ్చింది. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరం పాటు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా జరిగిన ‘సైట్’ ప్రయోగంలో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. వానిలో మన రాష్ట్రపు గ్రామాలూ ఉన్నాయి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం రైతులకు తెలుగులో ప్రసారాలు సాగాయి. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 1984 ఆగస్టు 15న యూజీసీ వారి విశ్వవిద్యాలయ పాఠాలు దూరదర్శన్‌లో మొదలయ్యాయి. 2006 ఆగస్టు 15న డీడీ ఉర్దూ వచ్చింది. 2017లో స్వయంప్రభ పేరుతో 32 విద్యా చానళ్లు ఒక్కసారిగా అందుబాటులోకి వచ్చాయి. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు డీడీ సప్తగిరి పాఠాలు చెప్పింది. ఇంత ప్రసారమైనదానిలో మన ఊరివారి చేతిలో నిలిచినది ఎంత? ఏ ఇంట్లోనైనా పాత వీడియో క్యాసెట్టు దొరికితే అది పెళ్లి క్యాసెట్టే అయి ఉంటుంది.

పెద్ద సంస్థలు భద్రపరుస్తాయిలే అని కూర్చోవడానికి వీలులేదు. టేపు ఖరీదైన రోజులలో బ్రిటనులోని బీబీసీ అంతటి సంస్థ వాడిన టేపునే చెరిపి మళ్లీ వాడుకున్నది. వారి ‘డాక్టర్ హూ’ ధారావాహికలో 1960ల నాటి భాగాలు తొంభైకి పైగా నేటికీ కనబడకుండా పోయాయి. కాని ఆ భాగాల శబ్దం మాత్రం పూర్తిగా మిగిలింది. మిగిల్చినవారు ఎవరు? ఇంట్లో టీవీ ముందు టేపు రికార్డరు పెట్టుకొని కూర్చున్న కుర్రవాళ్లు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరానికి చెందిన మారియన్ స్టోక్స్ అనే మాజీ గ్రంథాలయోద్యోగిని 1970ల చివరి నుండి 2012లో కన్నుమూసే వరకు ఇంట్లోనే రేయింబవళ్లు వార్తలను రికార్డు చేసింది. ఆమె విడిచి వెళ్లిన క్యాసెట్లు సుమారు 70 వేలని చెబుతారు. ఇరుగుపొరుగువారు ఆమెను ఏమనుకున్నారో ఊహించుకోవచ్చు!

ఇక యంత్రం సంగతి. అంగడికి వెళ్లగానే అమ్మేవాడు ‘ఎన్ని కోర్లు, ఎంత ర్యాము’ అని మొదలుపెడతాడు. రికార్డింగుకు అడగవలసిన మొదటి ప్రశ్న అది కాదు. ప్రసారం మన ఇంటికి ఏ దారిన వస్తున్నది అన్నది మొదటి ప్రశ్న. కేబులు గాని, నెలనెలా చందా కట్టే ప్రైవేటు డిష్షు గాని అయితే ఆ సంకేతానికి తాళం వేసి ఉంటుంది. తాళంచెవి వారి పెట్టెలోనే ఉంటుంది. మన కంప్యూటరు ఎంత గొప్పదైనా దానిని నేరుగా అందుకోలేదు. 2004లో మొదలై నేడు డీడీ ఫ్రీ డిష్ అని పిలువబడుతున్న ప్రసార భారతి డిష్షుకు నెలసరి చందా లేదు. మనకు కావలసిన సప్తగిరి, ఉర్దూ, విద్యా చానళ్లు అందులో ఉన్నాయి. కనుక మన పనికి అదే దారి.

రెండవ ప్రశ్న ట్యూనరు. డిష్షు నుండి వచ్చే తీగను అందుకొని చానలును విడదీసి కంప్యూటరుకు ఇచ్చే పరికరం ఇది. పెద్ద కంప్యూటరులో దీనిని కార్డుగా లోపల బిగించవచ్చు. అరచేతి వెడల్పు కంప్యూటర్లలో అటువంటి కార్డుకు చోటు ఉండదు. యూఎస్‌బి తీగతో తగిలించే ట్యూనరే గతి. ఆ ట్యూనరును నడిపే డ్రైవరు మనం ఎంచుకొనే కంప్యూటరుకు ఉన్నదా లేదా అన్నది ముందే తెలుసుకోవాలి. పెళ్లికుమార్తెను చూడకముందే పందిరి వేసినట్లు, కంప్యూటరు కొన్న తరువాత ట్యూనరు వెతకడం మొదలుపెడితే రెండూ అల్మారాలో పడి ఉంటాయి. ఒక సదుపాయం మాత్రం చెప్పాలి. ఉపగ్రహంలోని ఒకే ట్రాన్స్‌పాండరు నుండి వచ్చే చానళ్లన్నీ ఒకే ప్రవాహంగా దిగుతాయి. కాబట్టి ఒక్క ట్యూనరుతోనే ఆ గుంపులోని రెండు మూడు చానళ్లను ఒకేసారి రికార్డు చేసుకోవచ్చు.

కంప్యూటరుకు బలం ఎంత కావాలి? చాలా తక్కువ. ప్రసారం మనకు చేరేటప్పటికే కుదించబడి ఉంటుంది. ఆ ప్రవాహాన్ని ఉన్నదున్నట్లు డిస్కు మీదికి దింపడమే కంప్యూటరు పని. ధాన్యాన్ని బస్తా నుండి గాదెలోకి పోయడమే గాని దంచడం లేదు. సాధారణ చానలు సెకనుకు 4 మెగాబిట్లు అనుకుంటే గంటకు 1.8 గిగాబైట్లు అవుతుంది. ఒక టెరాబైటు డిస్కులో 550 గంటలు పడతాయి. రోజుకు ఒక గంట చొప్పున ఏడాదిన్నర పాఠాలు! ఆ వేగం ఏ సామాన్యమైన డిస్కుకూ లెక్కలోనిది కాదు. రికార్డు చేసినదానిని మరింత కుదించి ఫోనులోకి ఎక్కించాలంటే మాత్రం ప్రాసెసరుకు శ్రమ ఉన్నది. అప్పుడు 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 వంటి ఆరు వాట్ల చిప్పు కూడా ఆ పని చక్కగా చేస్తుంది.

మేము బలం కంటే మెలకువకు విలువ ఇస్తాము. ఈ యంత్రం రాత్రింబవళ్లు మేలుకొని ఉండాలి. పది వాట్లు తినే చిన్న కంప్యూటరు నెలంతా వెలిగినా 7 యూనిట్లే ఖర్చు. మూలనున్న పాత పెద్ద కంప్యూటరు అరవై వాట్లు తింటే నెలకు 43 యూనిట్లు. ఉచితంగా వచ్చిందని దానిని వాడమనేవారు ఈ లెక్క వేసుకోవాలి. తరువాత కరెంటు. పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఎవరూ మీట నొక్కకుండానే కంప్యూటరు తనంతట తాను లేవాలి. ఈ సదుపాయం ఆఫీసు తరహా చిన్న కంప్యూటర్లలో సాధారణంగా ఉంటుంది. కొనేముందు అమ్మేవానిచేత తీగ పీకించి, తిరిగి పెట్టించి కళ్లారా చూడాలి. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నదిలే అని ధీమా పడరాదు. అది అందుకొనే ఆ రెప్పపాటులోనే కంప్యూటరు ఆగి, వ్రాస్తున్న ఫైలు పాడుకావచ్చు. చిన్న యూపీఎస్ అవసరం. ట్యూనరు అడాప్టరు కూడా ఆ యూపీఎస్‌కే తగిలించాలి. కంప్యూటరు మేలుకొని ట్యూనరు నిద్రపోతే రికార్డయ్యేది చీకటే.

మన పేటకు ప్రత్యేకమైన బెడద ఇంకొకటి ఉన్నది: పత్తి నుసి. జిన్నింగు మిల్లుల ఊరిలో ఫ్యాను ఉన్న ఏ యంత్రమైనా సీజను తిరిగేసరికి లోపల దూదిపరుపు పరచుకొంటుంది. ఫ్యాను లేనిది కొందామంటే పల్నాటి ఎండ. మే నెలలో పైకప్పు కింద గదిలో మూసిన అల్మారాలో ఫ్యాను లేని పెట్టె వేడెక్కి మందగిస్తుంది. మా సలహా ఏమంటే, గాలి ఆడే చోట గోడకు ఎత్తుగా పెట్టగలిగితే ఫ్యాను లేనిదే మేలు. అది కుదరకపోతే మూత సులువుగా తీసి దులపగలిగేది తీసుకోవాలి. అందమైన మూత తియ్యరాని పెట్టె మన ఊరికి పనికిరాదు.

విద్యార్థులకు ఎక్కువ మోజు రాస్ప్‌బెర్రీ పై మీద. 2012లో బ్రిటనులో పిల్లలకు కంప్యూటరు విద్య నేర్పడానికి పుట్టిన ఈ చిన్న పలక మాకూ ఇష్టమే. 2019లో వచ్చిన నాలుగవ తరం పలక, టీవీహెడ్‌ఎండ్ అనే ఉచిత సాఫ్టువేరుతో రికార్డింగు పనిని సునాయాసంగా చేస్తుంది. కాని దానిలో వేసే మెమరీ కార్డు మీదనే రికార్డు చేస్తే ఎడతెగని వ్రాతకు కార్డు త్వరగా అరిగిపోతుంది. విడిగా డిస్కు తగిలించాలి. కొన్ని ట్యూనర్ల డ్రైవర్లు ఆ జాతి ప్రాసెసరుకు దొరకవు. కంప్యూటర్ సైన్సు చదువుతూ, విప్పి చూసే ఓపిక ఉన్న పిల్లవానికి అది గురువు. రిటైరైన నాన్నగారు మీట నొక్కి వార్తలు చూసుకోవలసిన ఇంటికి మాత్రం కంపెనీల కార్యాలయాలలో వాడి తీసివేసిన చిన్న పెట్టె మంచిదని మా అభిప్రాయం. పుస్తకమంత ఉంటుంది, లోపల డిస్కుకు చోటు ఉంటుంది, విడిభాగాలు దొరుకుతాయి. నాలుగు గిగాబైట్ల ర్యాము చాలు. మిగిలిన డబ్బు డిస్కుకూ యూపీఎస్‌కూ పెట్టాలి. విండోస్ 10కు 2025 అక్టోబరుతో ఉచిత మద్దతు ముగిసినందున పాత పెట్టెలు చౌకగా వస్తున్నాయి. వాటిమీద లినక్సు వేసుకుంటే మన పనికి ఏ లోటూ లేదు.

ఒక్క చానలు, వారానికి రెండు కార్యక్రమాలు చాలుననుకొనేవారికి అసలు కంప్యూటరే అక్కరలేదు. పెన్‌డ్రైవులో రికార్డు చేసే ఫ్రీ డిష్ సెట్‌టాప్ బాక్సులు ఉన్నాయి. కాని వాటిలో కొన్ని వ్రాసిన ఫైలు ఆ పెట్టెలో తప్ప వేరొకచోట ఆడదు. పెట్టె చెడితే పాఠమూ పోయినట్లే.

‘అన్నీ యూట్యూబులో ఉన్నాయి కదా’ అని అడిగేవారు ఉంటారు. ఉన్నవాటిని రికార్డు చేయమని మేము అనడం లేదు. స్వయంప్రభ పాఠాలు చాలావరకు అంతర్జాలంలో దొరుకుతాయి. కాని మన జిల్లా వార్త, ఏదో ఒక రాత్రి వచ్చే ముషాయిరా, ఒక పెద్దాయనతో జరిగిన అరగంట ముఖాముఖి అక్కడ ఉంటాయన్న హామీ లేదు. ఉన్నా రేపటికి ఉంటాయన్న హామీ లేదు. 2001లో హైదరాబాదు నుండి మొదలైన ఈటీవీ ఉర్దూ చేతులూ పేరూ మారి న్యూస్18 ఉర్దూ అయినది. దాని తొలినాళ్ల కార్యక్రమాలను ఒక ఉర్దూ విద్యార్థి ఈనాడు చూడాలంటే ఎవరిని అడగాలి? పైగా అంతర్జాలం ఉన్న ఫోను ఇంట్లో ఎవరి జేబులో ఉంటుందో మన విద్యార్థినులకు బాగా తెలుసు.

చట్టం సంగతి కూడా కమిటీ పెద్దలకు మనవి చేయాలి. 1957 నాటి కాపీరైటు చట్టం 39వ సెక్షను ప్రకారం సొంత వినియోగానికి గాని, నిజమైన బోధన, పరిశోధనల కోసం గాని ప్రసారాన్ని రికార్డు చేయడం ప్రసారకర్త హక్కుకు భంగం కాదు. అంతమాత్రాన దానిని పెన్‌డ్రైవులలో నింపి అమ్మడానికో, మన పేరుతో మళ్లీ అంతర్జాలంలో ఎక్కించడానికో అనుమతి వచ్చినట్లు కాదు.

కళాశాల గ్రంథాలయానికి ఒక ఆఫీసు తరహా చిన్న పెట్టె, ఒక ట్యూనరు, రెండు డిస్కులు, ఒక యూపీఎస్, పైకప్పు మీద ఒక డిష్షు కావాలని కమిటీ వారిని కోరుతున్నాము. రెండవ డిస్కు నకలు కోసం. దానిని వేరొక గదిలో ఉంచాలి. వీటితోపాటు ఒక రిజిస్టరు పుస్తకం తప్పనిసరి. ఏ తేదీన, ఏ చానలులో, ఏ కార్యక్రమం, ఎవరు మాట్లాడారు అన్నది తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసి ఉంచకపోతే 550 గంటల ఫైళ్లలో కావలసిన అరగంటను ఎవరూ వెతకలేరు. ఆ పుస్తకం వ్రాసే పనిని తెలుగు, ఉర్దూ శాఖల ద్వితీయ సంవత్సరం విద్యార్థులు వారానికి ఇద్దరు చొప్పున పంచుకోవచ్చు. పేర్లు ఇవ్వదలచినవారు మా శాఖలో ఇవ్వవచ్చును.