‘ఇంటికి పంపించేశాం’ అనేది వైద్యం కాదు

ఆశ్రమ పాఠశాల పిల్ల చనిపోయిందంటే ముందుగా వినిపించే మాట ఒకటుంది. “చనిపోయింది హాస్టల్లో కాదండీ, ఇంటి దగ్గర.” దాని వెనకే ఇంకో మాట. “వాళ్లే తీసుకుపోయారు, పసరు తాగించారు.” ఈ రెండు మాటలతో తప్పు స్కూలు గేటు దాటి మన గుమ్మంలోకి వచ్చేస్తుంది. బిడ్డని పోగొట్టుకున్న తల్లే ముద్దాయి అయిపోతుంది.

ఆ పిల్ల ఇంటికి ఎందుకొచ్చింది? ఎవరు పంపారు? పంపేనాటికి జ్వరం ఎన్నో రోజు? ఈ మూడు ప్రశ్నలు మాత్రం ఎవరూ అడగరు. ఈరోజు అవే అడుగుదాం.

2025 దసరా రోజులు గుర్తు చేసుకోండి. కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు వచ్చాయి. ఇద్దరు ఆడపిల్లలు చనిపోయారు. వంద మందికి పైగా పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. పార్వతీపురం నుంచి విశాఖ కేజీహెచ్ దాకా మన పిల్లలే మంచాల మీద కనిపించారు. నాయకులు వచ్చారు, పండ్లు పంచారు, ఫొటోలు దిగారు. కురుపాంలో ఎవరి తప్పు ఎంతో తేల్చడం విచారణ పని. నేను అడిగేది మన పిల్లలు చదివే ప్రతి హాస్టల్ గురించి. ఒకేసారి వంద మంది పడిపోయేదాకా జబ్బు కనిపించకుండా ఎలా ఉంటుంది?

పిల్లల్లో కామెర్లు ఇలా గుంపుగా వస్తే ముందు అనుమానించాల్సింది హెపటైటిస్-ఎ. మలం కలిసిన నీళ్ల వల్ల, తిండి వల్ల వస్తుంది. వైరస్ ఒంట్లో చేరాక జబ్బు బయటపడడానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది. కళ్లు పచ్చబడక ముందే ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. అంటే మొదటి పిల్ల కళ్లు పచ్చబడేసరికి అదే నీళ్లు తాగిన వాళ్లందరూ వరసలో ఉన్నట్టే. ముందు కనిపించేవి చిన్న విషయాలు. అన్నం సహించదు. కడుపులో తిప్పుతుంది. నీరసం, కొద్దిగా జ్వరం. ఒక పిల్లకి వస్తే మామూలే అనుకోవచ్చు. వారంలో పది మందికి వస్తే అది గంట కొట్టినట్టు. ఆ గంట వినడానికి రోజూ పిల్లల్ని చూసి, పుస్తకంలో రాసి, నిన్నటి పేజీతో పోల్చే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి పేరే నర్సు, ఏఎన్ఎం.

హెపటైటిస్-ఎకి ప్రత్యేకంగా మందేమీ లేదు, నర్సు వచ్చి ఏం చేస్తుంది అంటారేమో. చాలా చేస్తుంది. ఆ ట్యాంకు నీళ్లు ఆపించి కాచిన నీళ్లు ఇప్పిస్తుంది. జబ్బు పిల్లని వేరే గదిలో పడుకోబెడుతుంది. జ్వరం బిళ్లలు ఇష్టమొచ్చినట్టు మింగకుండా చూస్తుంది, ఎందుకంటే ఎక్కువైతే అవి కాలేయాన్నే దెబ్బతీస్తాయి. పిల్ల మత్తుగా ఉన్నా, మాట తడబడినా, ముక్కులోంచి రక్తం కారినా ఆ నిమిషమే పెద్దాసుపత్రికి పంపుతుంది. ప్రాణం నిలిచేది అక్కడే. లెక్కల పాఠం చెప్పే మాస్టారికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? చాలాచోట్ల పగలు పాఠం చెప్పేదీ ఆయనే, రాత్రి హాస్టల్ చూసేదీ ఆయనే. ఆయన్ని తిట్టి లాభం లేదు. తనకి తెలియని పని నెత్తిన పెడితే ఆయన తనకి తెలిసిన ఒక్క పనే చేస్తాడు. ఫోన్ చేస్తాడు.

“మీ అమ్మాయికి ఒంట్లో బాలేదు, వచ్చి తీసుకెళ్లండి.”

ఈ ఫోన్ మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. “గుంటకి జొరమొచ్చి నాలుగు రోజులైతే ఇప్పుడా సెప్తారు బాబూ?” అని తల్లి అడుగుతుంది. జవాబుండదు. గుమ్మలక్ష్మీపురం కొండ మీంచో, సీతంపేట అవతలి గూడెం నుంచో ఆమె కూలి మానుకుని దిగాలి. ఆటో దొరకాలి. పిల్లని ఇంటికి తెస్తే ఆసుపత్రి ఇంకా దూరమవుతుంది. స్కూలు రోడ్డు పక్కన ఉంటుంది, మన ఊరికి రోడ్డే ఉండదు. రాత్రి జబ్బు ముదిరితే మళ్లీ డోలీ కట్టాలి. రోడ్డు పక్కనున్న పిల్లని కొండ ఎక్కించి, ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదని మనల్నే అడుగుతారు! పసరు పోయించారంటారు కదా, ఆ రాత్రి ఆ ఊళ్లో ఇంకేం దొరుకుతుందో వాళ్లే చెప్పాలి.

ఇంటికి పంపడం అనే ఈ వైద్యం మనతోనే మొదలవలేదు. 1902లో న్యూయార్క్ నగరంలో బడి డాక్టర్లు చేసిందీ ఇదే. కళ్ల జబ్బు, గజ్జి, తామర, పేలు ఉన్న పిల్లల్ని పట్టుకుని చీటీ రాసి ఇంటికి పంపేవారు. పేదవాడలో ఆ చీటీ అర్థమయ్యేది కాదు, మందు వేసేవాళ్లు ఉండేవారు కాదు. పిల్లలు వీధుల్లో ఉండిపోయేవారు. అప్పుడు లిలియన్ వాల్డ్ అనే నర్సు, తన దగ్గర పనిచేసే లీనా రోజర్స్‌ని నాలుగు బళ్లకి పంపింది. ఒక్క నెల చూడమంది. లీనా బడిలోనే పుండ్లు కడిగి మందు రాసింది, ఇళ్లకి వెళ్లి తల్లులకి నేర్పింది. ఫలితం చూసి నగరం ఇంకా నర్సుల్ని పెట్టింది. 1902 సెప్టెంబరులో జబ్బు పేరుతో బడి నుంచి పంపేసిన పిల్లలు పది వేలకు పైన. ఏడాది తర్వాత అదే నెలలో 1,101. డాక్టర్లు అంతకు ముందూ ఉన్నారు, చీటీలూ ఉన్నాయి. కొత్తగా వచ్చింది నర్సు ఒక్కతే. నూట ఇరవై ఏళ్ల కిందట తేలిపోయిన సంగతి ఇది.

అంత దూరం ఎందుకు, మన జిల్లాలే చూడండి. శ్రీకాకుళం జిల్లా వెన్నెలవలసలో, విజయనగరం జిల్లా కిల్తంపాలెంలో నవోదయ విద్యాలయాలు ఉన్నాయి. నవోదయ అంటే స్టాఫ్ నర్సు పోస్టు ఉండాల్సిందే, అది సిబ్బంది లెక్కలోనే ఉంది. ఏకలవ్య స్కూళ్లకీ స్టాఫ్ నర్సు పోస్టు ఉంది. అంటే హాస్టల్ పిల్లలకి నర్సు కావాలని ప్రభుత్వానికి తెలుసు. తెలిసి కూడా ఆశ్రమ పాఠశాలల్లో ఏఎన్ఎంలను పెట్టండని గిరిజన సంఘాలు, విద్యార్థి సంఘాలు ఏళ్ల తరబడి ధర్నాలు చేయాల్సి వస్తోంది. ఒకే తల్లి కన్న ఇద్దరు పిల్లలు. ప్రవేశ పరీక్ష నెగ్గిన పిల్లకి నర్సు ఉంటుంది, నెగ్గని పిల్లకి ఫోన్ ఉంటుంది. జ్వరం పరీక్ష రాసి వస్తుందా?

“సబ్‌సెంటర్లో ఏఎన్ఎం ఉంది కదా” అంటారు. కొండ ప్రాంతంలో ఒక సబ్‌సెంటర్ 3,000 మందికి. ఆమెకి గర్భిణులు, బాలింతలు, టీకాలు, మలేరియా రక్తపూతలు, ఆన్‌లైన్ ఎంట్రీలు. ఊరూరా తిరిగే ఆ మనిషి రాత్రి పదింటికి హాస్టల్లో పిల్ల నుదురు ఎలా ముట్టుకుంటుంది? “ఆర్బీఎస్‌కే టీం వస్తుంది కదా” అంటారు. 2013లో మొదలైన ఆ పథకం లెక్క ప్రకారమే బడి పిల్లల పరీక్ష ఏడాదికి ఒకసారి. జ్వరానికి ఆ తేదీ ఎవరు చెప్పాలి? “104 బండి ఉంది” అంటారు. అది దాని రోజున వస్తుంది, పోతుంది. ఇవన్నీ కావాల్సినవే. కానీ వీటిలో ఏదీ రాత్రి హాస్టల్లో నిద్రపోదు. మన పిల్లలు నిద్రపోయేది అక్కడే.

సికిల్ సెల్ సంగతి చూడండి. 2023 జులైలో దేశమంతా మిషన్ మొదలుపెట్టారు, రక్తం తీసి కార్డులు ఇస్తున్నారు. మంచిదే. జబ్బు ఉందని తేలిన పిల్లకి రోజూ మాత్ర వేయాలి, నీళ్లు బాగా తాగించాలి, చలిలో తడవనివ్వకూడదు, నొప్పి మొదలైతే వెంటనే కనిపెట్టాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు హాస్టల్లో ఉండే పిల్లకి ఇవి ఎవరు చేస్తారు? కార్డు మాత్ర వేయదు. మలేరియా కోర్సు పూర్తిగా మింగించడం, గజ్జి వస్తే గదిలో అందరికీ ఒకేసారి మందు రాయించడం, నెలసరి నొప్పి గురించి పిల్ల సిగ్గు లేకుండా చెప్పుకునే ఒక ఆడమనిషి ఉండడం, ఇవన్నీ అదే పని.

డబ్బు లేదంటే నమ్మకండి. పిల్లల్ని కేజీహెచ్‌కి తరలించడానికి దొరికిన డబ్బు ముందు ఎక్కడుంది?

మనం అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రతి ఆశ్రమ పాఠశాలలో అక్కడే ఉండే ఏఎన్ఎం కావాలి, అదీ ఏడాదికోసారి తీసేసే తాత్కాలిక ఉద్యోగంగా కాదు, శాశ్వత పోస్టుగా. జబ్బు పిల్లలకి వేరే గది కావాలి. జబ్బుల రిజిస్టరు తల్లిదండ్రులకి చూపించాలి. ట్యాంకు నీళ్లలో క్లోరిన్ పరీక్ష చేసి గోడ మీద రాయాలి. జబ్బు పిల్లని డాక్టరు చూడకుండా ఇంటికి పంపకూడదు. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది స్కూలు, తల్లిని పిలవాల్సింది అక్కడికి.

తల్లులారా, తండ్రులారా, ఈసారి పేరెంట్స్ మీటింగుకి రమ్మంటే వెళ్లండి. మార్కుల కాగితం చూడండి, ఆ తర్వాత జబ్బుల పుస్తకం చూపించమనండి. “రాత్రి మా పిల్లకి జొరమొస్తే చూసేదెవరు? పేరు చెప్పండి” అని అడగండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో సామాజిక రంగ సంస్థల మీద, వాటి సిబ్బంది మీద అదుపు గ్రామసభకి, పంచాయతీలకి ఇవ్వాలని 1996 నాటి పెసా చట్టమే చెప్తోంది. ఆ ప్రశ్ననే గ్రామసభ తీర్మానంగా రాసి ఐటీడీఏ పీవోకి ఇవ్వండి. షెడ్యూల్లో చేర్చకుండా వదిలేసిన మన ఊళ్ల వాళ్లు తల్లిదండ్రుల కమిటీ నుంచి అదే కాగితం ఇవ్వండి. రసీదు తీసుకోండి.

పిల్లని స్కూల్లో వదిలి వచ్చిన రోజున ఆమె ఒంటిని కూడా వాళ్ల చేతిలోనే పెట్టి వచ్చాం. పుస్తకాలకి జవాబుదారీ వాళ్లైతే, జ్వరానికీ వాళ్లే. ఇంకోసారి ఎవరైనా “ఇంటికి పంపించేశాం” అంటే, “చూడాల్సిన బాధ్యత మీది కదా, ఎందుకు పంపించారు?” అని అక్కడే నిలబెట్టి అడుగుదాం.