చెవితో చదివితే తప్పా?

"వినడం చదువేమిటి, బద్ధకం కాకపోతే!" అంటారు మన హాస్టల్లో కొందరు. నేను ఒప్పుకోను.

మాట్లాడే పుస్తకాలు పుట్టిందే చూపులేని వారి కోసం. 1934లో అమెరికాలో, 1935లో బ్రిటన్‌లో గ్రామఫోను రికార్డుల మీద వచ్చాయి. ఒక నవల వినాలంటే పెట్టెడు రికార్డులు మార్చాలి. 1952లో న్యూయార్క్‌లో కవి డిలాన్ థామస్ చేత ఆయన కవితలే చదివించి రికార్డు చేసింది ఇద్దరు 22 ఏళ్ల అమ్మాయిలు. మన పీజీ వాళ్ల వయసే!

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. అమ్మ కథలు చెప్పేది గాని, పుస్తకం చదివి వినిపించే వారు లేరు. మనలో చాలామందిదీ ఇదే పరిస్థితి. ఆ లోటు కొంత తీర్చేది ఆడియో పుస్తకమే. ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి. వాక్యం ఎక్కడ ఆపాలో కూడా చెవే నేర్పుతుంది. అయితే పుస్తకం మూసి వింటే స్పెల్లింగ్ రాదు. పేజీ తెరిచి, అక్షరాల వెంట వేలు కదుపుతూ వినాలి.

తమ్ముళ్లూ, మన పాఠాలు ఎవరో వచ్చి రికార్డు చెయ్యాలా? స్టడీ అవర్ అయ్యాక సీనియర్లు రోజుకొకరు ఫోన్‌లో చదివిపెడితే చాలు. పదో తరగతి ఇంగ్లీషు పుస్తకంతో మొదలుపెడదాం. మొదటి పాఠం నేను చదువుతాను.