మెగావాట్లు కాదు, యూనిట్లు చెప్పండి

మదురై పక్కన రామనాథపురం జిల్లా కముదిలో 2016లో అదానీ కంపెనీ 648 మెగావాట్ల సోలార్ ప్లాంటు తెరిచింది. ఒకే చోట ఉన్నవాటిలో అప్పటికి ప్రపంచంలోనే పెద్దదని చాటారు. సంతోషమే. కానీ 648 అనేది మిట్టమధ్యాహ్నపు లెక్క, రాత్రి సున్నా. 24 గంటలూ అంతే వస్తే రోజుకు 1 కోటి 55 లక్షల యూనిట్లు. సోలార్‌లో అందులో అయిదో వంతు రావడమే మామూలు. మన ఉడుమలపేట గాలిమరలు కూడా ఆడి మాసంలో తిరిగినట్టు తై మాసంలో తిరగవు కదా!

రైల్వేలో వ్యాగన్ మీద రాసిన టన్నులు చూసి ఎవరూ సరుకు లెక్క ఒప్పుకోరు, కాటా చీటీ అడుగుతారు. పచ్చదనం గురించి చెప్పే కంపెనీ కూడా నెలనెలా మీటరు చూపితేనే నమ్ముతాం: ఎన్ని యూనిట్లు వచ్చాయి, పలకలు కడగడానికి ఎన్ని నీళ్లు పోశారు? కరువు జిల్లా అది. నీళ్ల లెక్కే ముందు రాయండి.