సెలవుల సంచి: నీళ్ళ ఒడ్డున నాలుగు పూటలు



కిందటి సంచికలో ప్రయాణాలకు పొడులు, పచ్చళ్ళు కట్టుకోవడం గురించి రాశాను. అది చదివి వజీరాబాద్ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "పొడులు సరేనండీ, ఎక్కడికి వెళ్ళాలో కూడా చెప్పండి. పిల్లలు నీళ్ళున్న చోటికే వెళ్దామంటున్నారు. సముద్రమేమో దూరం. గుళ్ళన్నీ తిరిగొస్తే ఆ అలసట తీరడానికి ఇంట్లో రెండు రోజులు పడుకోవలసి వస్తోంది" అని ఆమె బాధ.

ఈ బాధ నాకు కొత్త కాదు. కొన్నేళ్ళ కిందట మేమూ ఒక మహాయాత్ర చేశాం. మూడు రోజుల్లో తొమ్మిది చోట్లు! మావారు రైల్వే టైం టేబుల్ లాగా నిమిషాలతో సహా కాగితం రాసుకున్నారు. రెండో రోజుకే మా అబ్బాయి వాంతులతో సోలిపోయాడు. అత్తమ్మకు మోకాళ్ళు వాచాయి. తిరిగొచ్చాక ఎవరో "దర్శనాలు బాగా అయ్యాయా?" అని అడిగితే అత్తమ్మ ఇచ్చిన జవాబు మా ఇంట్లో ఇప్పటికీ సామెతలా వాడుకుంటాం. "నేనైతే దేవుణ్ణి సూసిన. గా ఉరుకులాటల దేవుడు నన్ను సూసిండో లేదో!"

ఆ తర్వాత మేము మూడు నియమాలు పెట్టుకున్నాం. ఎన్ని రోజులైనా బస ఒక్కచోటే. పూటకు ఒక్క పని, అదీ ఒళ్ళు కదిలే పని. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎవరినీ ఎవరూ లేపకూడదు. ఇంతే. మావారి కాగితంలో ఇప్పుడు నాలుగే గీతలు ఉంటాయి.

మన చుట్టూ ఉన్న నీళ్ళు

నాందేడ్‌లో ఉండి నీళ్ళు లేవనడం గోదావరమ్మకు కోపం తెప్పించే మాట. సాయంత్రం రెండు గంటలు చాలనుకుంటే విష్ణుపురి జలాశయం ఉంది. ఒక రోజు తీరిక ఉంటే సుమారు 50 కిలోమీటర్ల దూరంలో కంధార్. రాష్ట్రకూటుల కాలం నాటి కోట, జగత్తుంగ సముద్రమనే పాత చెరువు ఉన్నాయక్కడ. కోట గోడల వెంట పిల్లలు అలసిపోయేదాకా నడవచ్చు. వానాకాలంలో ఇస్లాపూర్ దగ్గర పెన్‌గంగ మీద సహస్రకుండ్ జలపాతం చూడాల్సిందే, కానీ దూరంగా నిలబడి. తడిసిన నల్లరాయి మీద కాలు నిలవదు.

కాస్త దూరమైనా ఫరవాలేదనుకుంటే లోణార్ సరస్సు. ఉల్క పడి నల్లరాతి నేలలో ఏర్పడిన గుంట అది. వ్యాసం సుమారు 1.8 కిలోమీటర్లు. 2020 జూన్‌లో నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి. ఉప్పునీటిలో బతికే సూక్ష్మజీవులే కారణమని శాస్త్రజ్ఞులు తేల్చారు. అదే ఏడాది దానికి రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. అక్కడ స్నానం మాట తలపెట్టకండి. నడకకూ, పిట్టలను చూడడానికీ మాత్రం సాటిలేని చోటు.

ఇవన్నీ చెప్పినా, ఈసారి నేను రాయాలనుకున్నది పోచంపాడు గురించి. పోయిన ఎండాకాలం మేము వెళ్ళింది అక్కడికే.

"నేను రాను"

మావారు భోజనాల దగ్గర పోచంపాడు పేరెత్తగానే పిల్లలు గంతులేశారు. అత్తమ్మ మాత్రం కంచంలో చెయ్యి ఆపి, "మీరు పోండ్రి. నేను ఇంట్ల ఉంట" అన్నారు.

మోకాళ్ళ నొప్పి వల్లేమో అనుకున్నాను. పెళ్ళయి ఈ ఇంటికొచ్చి పదహారేళ్ళయినా నాకు గుర్తు రాలేదు చూడండి. ఆమె పుట్టిన ఊరు ఆ నీళ్ళ కిందే ఉంది. మనం వాడుకలో పోచంపాడు అనే శ్రీరాంసాగర్‌కు నెహ్రూ గారు శంకుస్థాపన చేసింది 1963 జూలై 26న. ఆ ఏడాదే అత్తమ్మకు పదహారో ఏట పెళ్ళయి నాందేడ్ వచ్చారు. తర్వాత కొన్నేళ్ళకు ఊరు లేచిపోయేటప్పుడు మావారు కడుపులో ఉన్నారు, నెలలు నిండాయి. ఎవరూ ప్రయాణం చేయనివ్వలేదు. పుట్టింటివాళ్ళు కొత్త ఊరికి తరలాక అక్కడికే వెళ్ళి వచ్చేవారు. పాత ఊరు ఖాళీ అవడం గానీ, మునగడం గానీ ఆమె కళ్ళతో చూడలేదు.

ప్రయాణం మానేద్దామనుకున్నాం. రెండు రోజులు గడిచాక పొద్దున్నే చాయ్ తాగుతూ ఆమే అడిగారు. "ఇప్పుడు నీళ్ళెంతున్నయంట?" జలాశయం నిండు మట్టం 1091 అడుగులు. మా అమ్మాయి రోజూ ఫోనులో ఆనాటి మట్టం చూసి చెప్పడం, ఈమె తలూపడం మొదలైంది. ఏప్రిల్ చివరకు నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. "ఆజీ, ఇప్పుడు వస్తావా?" అని పిల్లలు అడిగితే, "నా చేతికర్ర మర్వకుండ్రి" అన్నారు.

మొదటి రోజు: బాసర

మే మొదటి వారం. ఎండల్లో పెద్దలను తీసుకెళ్ళడమేమిటని మీరు అనవచ్చు. మా నియమాలు ఆదుకున్నాయి. తెల్లవారుజామున, సాయంత్రం మాత్రమే తిరగడం, మిగతా సమయమంతా నీడపట్టున ఉండడం.

పొద్దున రైలెక్కి ముద్‌ఖేడ్, ఉమ్రి, ధర్మాబాద్ దాటి బాసరలో దిగాం. గుడి దగ్గరే గది తీసుకున్నాం. ఆ సాయంత్రం సరస్వతీ అమ్మవారి దర్శనం, తర్వాత గోదావరి ఒడ్డున నడక. పిల్లలు రాళ్ళు ఏరి ఎవరి రాయి ఎక్కువసార్లు నీళ్ళ మీద ఎగురుతుందో పందెం వేసుకున్నారు. మావారు ఓడిపోయారు. రాత్రి సజ్జరొట్టె, పల్లీల చట్నీ, పెరుగు. ఒక పూటకు ఇంతకంటే ఏం కావాలి?

మరునాడు అయిదున్నరకల్లా మాట్లాడుకున్న బండి వచ్చింది. నవీపేట మీదుగా నందిపేట వైపు, జలాశయం వెనుక నీళ్ళకు వెళ్ళాం. నీళ్ళు తగ్గిన చోట కంటికి ఆనినంత దూరం పచ్చిక మొలిచి ఉంది. గొర్రెల మందలు మేస్తున్నాయి. దూరంగా కృష్ణజింకలు! మా అబ్బాయి పదిహేడు లెక్కపెట్టాడు. అమ్మాయి పంతొమ్మిది అంది. వాళ్ళ పోట్లాట తెగకముందే జింకలు పరుగెత్తాయి.

గుట్టకు ఎడమ పక్క

అత్తమ్మ బండి దిగి అటూ ఇటూ చూశారు. చెట్టు లేదు, గోడ లేదు. గుర్తుపట్టడానికి ఏముందని? చాలాసేపటికి చేతికర్ర ఎత్తి చూపించారు. "గా గుట్ట మాదే." నీళ్ళలో మునగనిది అదొక్కటే. ఆ గుట్టను కుడిచేతి వైపు ఉంచుకుని నడవడం మొదలుపెట్టారు. ఇంట్లో దేవుడి గది దాకా రావడానికే నా భుజం పట్టుకునే మనిషి, ఆ పొద్దున నాకంటే ముందు నడిచారు.

ఒకచోట రాళ్ళ వరస కనిపించింది. గోడ పునాది కావచ్చు. ఇంకాస్త దూరంలో ఒండ్రుతో పూడిపోయిన గుండ్రని కట్టడం. "గిది పెద్ద బాయి. కాదంటే కోమటోళ్ళ బాయి" అన్నారు. ఏదో తేలలేదు. తేల్చడానికి పక్కన ఎవరూ లేరు. అక్కడే ఒక రాయి మీద కూర్చుని గల్లీలు చెప్పడం మొదలుపెట్టారు. హనుమాండ్ల గుడి ఎటు, బడి ఎటు, ఎవరింటి తర్వాత ఎవరిల్లు.

"బొడ్రాయి ఎక్కడ, అమ్మా?" అని మావారు అడిగారు.

"కొత్త ఊర్ల కొత్త బొడ్రాయి పెట్టిండ్రు. పాతది గీడనే యాడనో ఉంటది. దాన్ని ఎవలు దీస్తరు?"

మా అమ్మాయి సంచిలోంచి నోటుబుక్కు తీసి రాసుకోసాగింది. దానికి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. మరాఠీ బడి కదా. ఆ తెలుగు పేర్లన్నీ దేవనాగరిలో రాసింది. తప్పు నాదే. సంఘంలో ఆదివారం తెలుగు తరగతి ఉందని తెలిసీ, ట్యూషన్ ఉందని దాన్ని పంపలేదు.

మా అబ్బాయి చేతిలో బంతి ఉంది. ఆడుకోవాలని వాడికి ఉంది, అడగడానికి భయం. నాకూ మనసు ఒప్పలేదు, ఊరి మీద బంతాటేమిటని. అత్తమ్మే చూసి, "ఆడుకోండ్రి రా. మేము గూడ గీడనే ఆడుకున్నం" అన్నారు.

ఒక హెచ్చరిక

బంతి నీళ్ళ అంచుకు దొర్లింది. వాడు దాని వెనకే ఉరికాడు. పైన ఎండి బీటలు వారిన మట్టి గట్టిగానే కనిపిస్తుంది, కింద మాత్రం బురద. రెండు అడుగులు వేసేసరికి మోకాలి దాకా దిగబడ్డాడు. మావారు బోర్లా పడుకుని చేతికర్ర అందించి లాగారు. చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది. నాకు గుండె ఆగినంత పనయింది. ఇదంతా చూస్తున్న గొర్లకాపరి ఒకాయన దగ్గరికొచ్చి, "గొర్లు నడిచిన కాడనే నడవాలె అమ్మా. గొర్రె పోని కాడికి మనిషి పోవద్దు" అన్నాడు. ఏ జలాశయానికి వెళ్ళినా ఈ మాట గుర్తుపెట్టుకోండి. నీరు తగ్గిన అంచుకు పిల్లలను ఒంటరిగా పంపకండి.

ఆనకట్ట దగ్గర

మధ్యాహ్నం అలవాటు ప్రకారం నిద్ర. సాయంత్రం ఆనకట్ట చూశాం. 42 గేట్లూ మూసే ఉన్నాయి. అత్తమ్మ కట్ట మీద నిలబడి అడిగారు. "గీ నీళ్ళు యాడికి వోతయి?"

"కాకతీయ కాలువ ఉంది కదమ్మా. కరీంనగర్, వరంగల్ దిక్కు పోతయి" అన్నారు మావారు.

"పంటలు మంచిగ పండుతున్నయా?"

"పండుతున్నయి."

ఆమె ఇంకేమీ అనలేదు. తిరుగుదారిలో చాలాసేపటికి, "మా నాయనకు గూడ రెండెకరాల తరి ఉండె" అన్నారు. అంతే. ఆ రాత్రి నలుగురికీ అన్నం ఆమే కలిపి పెట్టారు.

ఎప్పుడు వెళ్ళాలి?

పాత ఊళ్ళు, జింకలు చూడాలంటే నీళ్ళు తగ్గే ఏప్రిల్, మే నెలలు. వలస పక్షులకూ, పెద్దల ఒంటికీ నవంబరు నుంచి ఫిబ్రవరి మేలు. నిండు గోదావరి కావాలంటే వానాకాలం. మన ధర్మాబాద్ తాలూకాలోని బాబ్లీ బ్యారేజీ గేట్లను 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఎత్తి ఉంచుతారు. ఆ నాలుగు నెలలూ పైనుంచి వచ్చిన నీరు ఆగకుండా బాసర వైపు పోతుంది. చూడడానికి కన్నుల పండువే. పిల్లల స్నానాలకు మాత్రం అది కాలం కాదు.

ఇక సముద్రమే కావాలనేవారికి రెండు దారులు. పన్వేల్ దాకా రైలులో వెళ్ళి అలీబాగ్ చేరవచ్చు. ఆటు సమయంలో కులాబా కోటకు నడిచే వెళ్ళవచ్చు. పోటు ఎప్పుడు వస్తుందో ముందు అక్కడివాళ్ళను అడగండి. తెలుగు వినిపించే తీరం కావాలంటే రైలెక్కి దాదాపు ఒక రోజు ప్రయాణం చేస్తే విశాఖ. అయితే బస భీమిలిలో పెట్టుకోండి. 1861లోనే మునిసిపాలిటీ అయిన పాత ఊరు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివారి సమాధులు, అన్నీ నడిచి చూడవచ్చు. అంత దూరం వెళ్ళేటప్పుడు కనీసం మూడు రాత్రులు ఉండండి. అలల్లోకి మోకాలి లోతు దాటి పిల్లలను దిగనివ్వకండి. వెనక్కి వెళ్ళే అల లాగుతుంది.

సంచిలో సర్దుకోవలసినవి: టోపీలు, తాగే నీళ్ళు, పాత చెప్పులు రెండో జత, పెద్దల మందులు, ఒక బంతి, ఒక నోటుబుక్కు.

చివరగా ఒక మనవి. మా అమ్మాయి దేవనాగరిలో రాసుకున్న ఆ ఇళ్ళ పేర్లు, గల్లీల పేర్లు నేను తెలుగులోకి దించుతున్నాను. నిన్న రాత్రి అత్తమ్మకు చదివి వినిపిస్తే రెండిళ్ళు తప్పిపోయాయన్నారు. అమ్మాయే పెన్సిల్ తీసుకుని వాటిని చేర్చింది, ఈసారి తెలుగులో. 'ళ' కుదరలేదు, మూడుసార్లు చెరిపి రాసింది. మన సంఘంలో పోచంపాడు కింద ఊళ్ళు పోయిన కుటుంబాలు ఇంకా ఉన్నాయని విన్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే అడిగి రాసి పంపండి. వచ్చే సంచికలో ఈ శీర్షిక కింద వేసుకుందాం. వచ్చే వేసవిలో నీళ్ళు తగ్గాక అందరం కలిసి ఒక పొద్దున వెళ్ళి వద్దాం. గొర్లు నడిచిన చోటనే నడుద్దాం.

ఉంటాను మరి, సెలవు.